ఎన్నికల వేళ ఆఫ్రికాలో వేట: తుపాకీ కన్నా ముందు క్యాలెండర్ తీయండి

మన దగ్గర ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకీని కూడా పోలీస్ స్టేషన్‌లో జమ చేసి రసీదు తెచ్చుకోమంటారు. పొలం కాపలాకు పెట్టుకున్న తాతల నాటి డబుల్ బ్యారెల్ అయినా అంతే. ఓట్ల హడావిడి ముగిశాకే అది మళ్లీ ఇంటికొస్తుంది. తుపాకీ, ఓటు ఒక ఊళ్లో ఒకేసారి తిరగడం ఏ ప్రభుత్వానికీ నచ్చదు. మీరేమో సరిగ్గా అదే సమయంలో, మీది కాని దేశంలోకి, పెట్టెలో రైఫిల్ పెట్టుకుని దిగబోతున్నారు.

భారత్‌లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో సరదా వేట అనే మాటే పోయింది. కాబట్టి ఇది చదివేవాళ్లలో చాలామంది టెక్సాస్‌లోనో జార్జియాలోనో స్థిరపడి, అక్కడ జింకల సీజన్‌తో మొదలుపెట్టి, ఇప్పుడు కుడు (మెలికల కొమ్ముల పెద్ద జింక జాతి) కోసమో బఫెలో కోసమో ఆఫ్రికా వైపు చూస్తున్నవాళ్లే అయ్యుంటారు. వేట మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ ఎత్తను. వెళ్లడానికే నిశ్చయించుకున్నవాళ్లు క్షేమంగా వెళ్లి ఎలా రావాలన్నదే ఇక్కడి విషయం. ఒక మాట ముందే చెప్పేస్తాను. ఎన్నికల సమయంలో అడవి ప్రమాదం కాదు. విమానాశ్రయానికీ క్యాంపుకీ మధ్య ఉన్న రోడ్డు ప్రమాదం. ఆ రోడ్డు మీద మీ చేతిలో ఉన్న తుపాకీ ఇంకా ప్రమాదం.

మొదట: పోలింగ్ తేదీ ఒక్కటే చూడకండి

చాలామంది ఓటింగ్ రోజు తప్పించి, ఆ మర్నాటికి టికెట్ కొనుక్కుంటారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. జింబాబ్వేలో 2008 మార్చి 29న ఓటు వేశారు. అధ్యక్ష ఎన్నిక ఫలితం మే 2న గానీ చెప్పలేదు. ఐదు వారాలు దేశం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. జూన్ 27న రెండో విడత పెట్టారు, ఆలోగా పల్లెల్లో జరిగిన హింస చూసి ప్రతిపక్ష నేత మోర్గన్ చాంగిరాయ్ పోటీ నుంచే తప్పుకున్నారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అంటే అక్కడ వేట సీజన్ ఊపందుకునే కాలం.

మొజాంబిక్‌లో 2024 అక్టోబర్ 9న పోలింగ్. అది ప్రశాంతంగానే గడిచింది. పది రోజులకు ప్రతిపక్షానికి చెందిన ఇద్దరిని రాజధాని మపూటోలో కాల్చి చంపారు. 24న ఫలితాలు వచ్చాయి, వీధులు మండాయి. డిసెంబర్ 23న రాజ్యాంగ మండలి ఆ ఫలితాన్ని ఖాయం చేసింది, మళ్లీ మండాయి. క్రిస్మస్ రోజున మపూటో జైలు నుంచి 1,500 మందికి పైగా ఖైదీలు పారిపోయారు. జనవరి 15న కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేశారు. పోలింగ్ అయిపోయింది కదా అని అక్టోబర్ మధ్యలో వెళ్లినవాళ్లు ఎక్కడ ఇరుక్కున్నారో మీరే లెక్కేసుకోండి.

అందుకని కాగితం మీద నాలుగు తేదీలు రాసుకోండి: పోలింగ్, ఫలితం ప్రకటించాల్సిన గడువు, రెండో విడత ఉంటే దాని తేదీ, ప్రమాణ స్వీకారం. పోలింగ్‌కు రెండు వారాల ముందు నుంచి ప్రమాణ స్వీకారం అయిన వారం వరకు ఎర్ర సిరాతో కొట్టేయండి. ప్రమాణ స్వీకారం తేదీ కూడా వాయిదా పడుతూ ఉంటుంది. జాంబియాలో 2016 ఆగస్టు 11న ఓటు వేస్తే, కోర్టులో పిటిషన్ పడటంతో ప్రమాణం సెప్టెంబర్ 13కు గానీ కాలేదు. రెండో విడత ఉంటుందా లేదా అన్నది ఆ దేశపు నియమాన్ని బట్టి తేలుతుంది. జాంబియా, జింబాబ్వే, మొజాంబిక్‌లలో గెలవాలంటే సగం కన్నా ఎక్కువ ఓట్లు రావాలి. టాంజానియాలో ఎక్కువ వచ్చినవాళ్లే గెలిచినట్టు, పైగా అధ్యక్ష ఫలితాన్ని కోర్టులో సవాలు చేసే వీలు అక్కడి రాజ్యాంగంలో లేదు. పిటిషన్ వేసే దారి లేనిచోట కోపం నేరుగా వీధికొస్తుంది. అక్కడ 2025 అక్టోబర్ 29న పోలింగ్ రోజే గొడవలు లేచాయి. దార్ ఎస్ సలామ్‌లో కర్ఫ్యూ పెట్టారు, దేశమంతా ఇంటర్నెట్ ఆపేశారు, విమానాలు రద్దయ్యాయి.

ఓటుకూ ప్రమాణానికీ మధ్య కాలం చెడ్డదని తెలుసుకోవడానికి ఆఫ్రికా దాకా పోనక్కర్లేదనుకోండి. వాషింగ్టన్‌లో 2021 జనవరి 6న ఏం జరిగిందో మీరు మీ ఇంట్లో సోఫా మీంచి చూశారు.

చిక్కేమిటంటే ఎన్నికలు వచ్చేది మంచి వేట నెలల్లోనే. జాంబియాలో ఐదేళ్లకోసారి ఆగస్టులో వస్తాయి, 2026లో ఆగస్టు 13న. టాంజానియాలో అక్టోబర్‌లో వస్తాయి. రెండూ వానలు లేని కాలమే, గడ్డి కుంగి, జంతువులు నీటి గుంటల దగ్గర చేరే రోజులు. సరిగ్గా అప్పుడే ఎవరో వెనక్కి తగ్గిన బుకింగ్‌ను ‘క్యాన్సిలేషన్ హంట్’ అని తగ్గింపు ధరకు పంపుతారు. వాళ్లెందుకు తగ్గారో కనుక్కోకుండా డబ్బు కట్టకండి.

అలాగని అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. బోట్స్వానాలో 2024లో 58 ఏళ్లుగా ఏలిన పార్టీ ఓడిపోతే, అధ్యక్షుడు పూర్తి లెక్కింపు కాకముందే ఓటమి ఒప్పుకున్నారు. జాంబియాలో 2021లో సైన్యాన్ని దించారు, పోలింగ్ రోజు వాట్సాప్ ఆపారు, అందరూ బిక్కుబిక్కుమంటూ ఉన్నారు, చివరికి అధికారం నిశ్శబ్దంగా చేతులు మారింది. నమీబియాలో 2024లో ఓటింగ్ పొడిగించాల్సి వచ్చినా రోడ్లు మామూలుగానే ఉన్నాయి. గత మూడు ఎన్నికల్లో ఏం జరిగిందో ఒక్కో దేశానికి విడిగా చదవండి. అరగంట పని.

రెండోది: మ్యాపు మీద వేలుపెట్టి దారి గీయండి

వేట కన్సెషన్లు (వేటకు కేటాయించిన అడవి భూములు) జనానికి దూరంగా ఉంటాయి. ఊరేగింపు జరగాలంటే ముందు ఊరుండాలి కదా. అందుకే క్యాంపు గురించి కాకుండా, క్యాంపుకు చేర్చే పట్నం గురించి అడగండి.

కామెరూన్ చూడండి. లార్డ్ డెర్బీ ఎలాండ్ అనే భారీ జింక జాతి కోసం ఉత్తరాన ఉన్న సవన్నాకు వెళ్లేవాళ్లకు గారువా నగరమే ద్వారం. 2025 అక్టోబర్ 12 ఎన్నికల్లో ప్రతిపక్షం తరఫున నిలబడ్డ ఇసా చిరోమా బకారీ సొంతూరు కూడా గారువానే. ఫలితాల తర్వాత నిరసనలు వచ్చిన చోట్లలో అదొకటి. దేశం మొత్తం మీద ఆందోళన తక్కువే అనిపించవచ్చు, మీరు దిగే ఊళ్లో మాత్రం అదే కేంద్రం కావచ్చు.

మొజాంబిక్‌లో జాంబెజీ డెల్టాలోని మరోమెయూ వైపు కుటాడాలకు (అక్కడి వేట బ్లాకుల పేరు అది) చాలామంది జొహన్నెస్‌బర్గ్ నుంచి బెయిరాకు ఎగిరి, అక్కడి నుంచి చిన్న చార్టర్ విమానంలో వెళ్తారు. ఈ దారి మపూటోను ముట్టుకోదు, మంచిదే. కానీ ‘ఏమైనా అయితే కారులో దక్షిణాఫ్రికా వచ్చేద్దాం’ అనుకుంటే మాత్రం ఆలోచించండి. 2024 నవంబర్‌లో లెబోంబో సరిహద్దు గేటు ఒకసారి కాదు, పలుమార్లు మూతపడింది. ఉత్తరాన నియాసా అభయారణ్యం సంగతి వేరు. అక్కడి ముప్పు ఎన్నికలతో వచ్చింది కాదు, పక్కనున్న కాబో డెల్గాడో రాష్ట్రం నుంచి వచ్చిన సాయుధ తిరుగుబాటుది. 2025 ఏప్రిల్‌లో అక్కడ ఒక వేట క్యాంపు మీదే దాడి జరిగింది. దానికి ఎన్నికల క్యాలెండర్ పనికిరాదు, వెళ్లకపోవడమే.

జింబాబ్వేలో హ్వాంగే, మటెట్సీ వైపు వేటైతే హరారేలో దిగాల్సిన పనే లేదు, విక్టోరియా ఫాల్స్ విమానాశ్రయంలో దిగొచ్చు. 2018 జులై 30 ఎన్నికల తర్వాత రెండు రోజులకు సైనికులు కాల్చి ఆరుగురు చనిపోయింది హరారే నడిబొడ్డున. టికెట్ వంద డాలర్లు ఎక్కువైనా రాజధానిని తప్పించే దారి ఉంటే అదే కొనండి. రాజధానిలో రాత్రి బస అసలు పెట్టుకోకండి.

ఓటర్ల రద్దీ కూడా లెక్కలో ఉంచండి. ఎన్నికలకు హైదరాబాద్ ఖాళీ అయి పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరడం మనకు తెలిసిందే. ట్రాకర్లకూ, తోలు తీసేవాళ్లకూ, వంటమనిషికీ కూడా ఓటుంటుంది. ఆ రోజుల్లో క్యాంపులో ఎవరుంటారో అడగండి.

మూడోది: సొంత తుపాకీ వద్దు

దీని మీద నాతో వాదించేవాళ్లు చాలామందే ఉన్నారు. సొంత రైఫిల్‌తో కొట్టిన బఫెలోకి, అద్దె రైఫిల్‌తో కొట్టినదానికి తేడా ఉందంటారు. ఉండొచ్చు. మామూలు ఏడాదిలో నేనూ సొంతదే తీసుకెళ్లమంటాను. ఎన్నికల ఏడాదిలో మాత్రం క్యాంపు రైఫిల్ అద్దెకు తీసుకోండి.

మొదటి కారణం అనుమానం. తాడిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. 2004 మార్చిలో హరారే విమానాశ్రయంలో ఒక విమానాన్ని ఆపి, సైమన్ మాన్ అనే బ్రిటిష్ మాజీ సైనికుడితో పాటు దాదాపు 70 మందిని పట్టుకున్నారు. ఈక్వటోరియల్ గినీలో తిరుగుబాటు కోసం ఆయుధాలు తీసుకెళ్లడానికి దిగారని కేసు. 2024 మేలో కాంగోలో తిరుగుబాటు యత్నంలో దొరికినవాళ్లలో అమెరికన్లు కూడా ఉన్నారు. చెక్‌పోస్టులో నిలబడ్డ ఇరవై ఏళ్ల కుర్రాడికి తుపాకీ పెట్టె పట్టుకున్న విదేశీయుడు కనిపిస్తే ముందుగా గుర్తొచ్చేది కుడు కాదు.

రెండో కారణం ఇంకా ముఖ్యం. తుపాకీ పర్మిట్ మీ పేరు మీద ఉంటుంది, ఆ తుపాకీ మీతోనే దేశం దాటాలి. గొడవ ముదిరి ‘రాత్రికే పక్క దేశంలోకి వెళ్లిపోదాం’ అంటే, ఆ పక్క దేశం పర్మిట్ మీ దగ్గర ఉండదు. పర్మిట్ లేకుండా రైఫిల్‌తో సరిహద్దు దాటితే దాన్ని వేట అనరు, ఆయుధాల అక్రమ రవాణా అంటారు. అద్దె రైఫిల్ అయితే క్యాంపులో వదిలేసి చేతులు దులుపుకుని బయల్దేరతారు.

వీసా మీద ఉన్నవాళ్లకు మూడో కారణం కూడా ఉంది. సొంత తుపాకీని తాత్కాలికంగా అమెరికా బయటకు తీసుకెళ్లే సడలింపు పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. హెచ్1బీ మీద ఉండి, హంటింగ్ లైసెన్సు చూపించి రైఫిల్ కొనుక్కున్నారని అది ఎక్కడికైనా మీతో వస్తుందనుకోకండి.

క్యాంపుల్లో సాధారణంగా ఉండేది .375 హెచ్ అండ్ హెచ్ క్యాలిబర్ రైఫిల్. ఏ రైఫిలో, ఏ స్కోపో, ఏ తూటాలో ముందే రాయించుకోండి. ఇంటి దగ్గర రేంజ్‌లో అదే క్యాలిబర్ ఎవరినైనా అడిగి, బల్ల మీద కాకుండా మూడు కాళ్ల స్టిక్స్ మీద రైఫిల్ ఆనించి నిలబడి కనీసం నలభై తూటాలు కాల్చండి. భుజం నొప్పి తగ్గడానికి వారం పడుతుంది, అందుకని ప్రయాణం ముందు రోజు పెట్టుకోకండి.

లేదు, సొంతదే తీసుకెళ్తాను అంటే కాగితాలు సరిగా పెట్టుకోండి. అమెరికా నుంచైతే సీబీపీ (అక్కడి కస్టమ్స్ శాఖ) ఆఫీసుకు తుపాకీతో వెళ్లి ఫారం 4457 మీద సీరియల్ నంబర్ వేయించి ముద్ర వేయించుకోవాలి. దక్షిణాఫ్రికా గుండా వెళ్తే అక్కడి పోలీసు శాఖ వారి ఎస్‌ఏపీఎస్ 520 ఫారం నల్ల సిరాతో నింపాలి, సంతకం మాత్రం పోలీసు అధికారి ముందే పెట్టాలి. ఇంటి దగ్గరే సంతకం పెట్టుకొచ్చి మళ్లీ మొదటి నుంచి నింపేవాళ్లు ఉంటారు. తుపాకీకి 200 తూటాలే అక్కడి పరిమితి. విమానంలో తూటాల బరువు 5 కిలోలు దాటకూడదు. మధ్యలో విమానం మారే దేశం కూడా విడిగా అనుమతి అడగొచ్చు, మీరు విమానాశ్రయం దాటి బయటకు రాకపోయినా సరే.

నాలుగోది: అవుట్‌ఫిట్టర్‌ని అడగాల్సినవి

అవుట్‌ఫిట్టర్ అంటే మీ వేట యాత్రను ఏర్పాటు చేసే సంస్థ. ఫోన్‌లో అడగండి, జవాబులు మెయిల్‌లో రాయించుకోండి. ‘ఇక్కడంతా బాగానే ఉంది బ్రదర్’ అనేది జవాబు కాదు.

పోయిన ఎన్నికల్లో మీ క్యాంపులో అతిథులున్నారా, వాళ్లని ఏ దారిన బయటకు పంపారు? రోడ్డు మూసేస్తే చార్టర్ విమానం ఎవరిది, ఎక్కడి నుంచి వస్తుంది, దానికి ఇంధనం క్యాంపు రన్‌వే దగ్గర నిల్వ ఉందా? డీజిల్ ఎన్ని రోజులకుంది? శాటిలైట్ ఫోన్ ఉందా, దాని నంబరేంటి? దగ్గర్లోని డాక్టర్ ఎంత దూరం? ఇవి అడిగినప్పుడు గుక్కతిప్పుకోకుండా చెప్పేవాడితో వెళ్లండి. ‘అలాంటిదేం జరగదు’ అనేవాడికి ప్లాన్ లేదని అర్థం.

డబ్బు విషయం. డిపాజిట్ సగం దాకా ముందే కడతారు కాబట్టి, ఒప్పందంలో వచ్చే ఏడాదికి మార్చుకునే వీలు ఉండాలి. ‘అసాధారణ పరిస్థితి’ అంటే ఏమిటో, దాన్ని ఎవరు నిర్ణయిస్తారో స్పష్టంగా ఉండాలి. అమెరికా విదేశాంగ శాఖ హెచ్చరిక స్థాయి మీదే ఆధారపడకండి. ఆ స్థాయి చాలాసార్లు గొడవ మొదలయ్యాక పెరుగుతుంది, ముందు కాదు. కర్ఫ్యూ, విమానాశ్రయం మూత, సరిహద్దు మూత, వీటిలో ఏది జరిగినా తేదీ మార్చుకోవచ్చని రాయించుకోండి.

ట్రోఫీ ఫీజులూ (కొట్టిన జంతువుకు కట్టేవి) రోజు చార్జీలూ బ్యాంకు ద్వారా ముందే పంపేయండి. కోడ్ ఉన్న రోజుల్లో యాభై వేల రూపాయలు దాటితే మన చెక్‌పోస్టులోనే ఆపి లెక్క అడుగుతారు కదా. అక్కడ తుపాకీ, డాలర్ల కట్ట ఒకే బ్యాగులో కనిపిస్తే ఏ పార్టీకి డబ్బు తెచ్చావని అడుగుతారు. టిప్పుల కోసం చిన్న నోట్లు మాత్రం ఉంచుకోండి.

ఇన్సూరెన్స్ గురించి రెండు ముక్కలు. వైద్యం కోసం తరలించడం వేరు, అల్లర్ల నుంచి బయటకు తీయడం వేరు. గ్లోబల్ రెస్క్యూ, రిప్‌కార్డ్ లాంటి సంస్థలు రెండోది విడిగా అమ్ముతాయి. వార్తల్లోకి ఎక్కిన గొడవకు తర్వాత కొన్న పాలసీ పనిచేయదు, బుకింగ్‌తో పాటే తీసుకోండి.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఇంకోటి చేయాలి. బయటపడే దారి చాలాసార్లు జొహన్నెస్‌బర్గ్ మీదుగా పోతుంది. అమెరికా పాస్‌పోర్టు వాళ్లు అక్కడ వీసా లేకుండా దిగి వారం రోజులు హోటల్లో ఉండగలరు, మీరు ఉండలేరు. అవసరం పడినా పడకపోయినా దక్షిణాఫ్రికా వీసా ముందే వేయించుకోండి. దార్ ఎస్ సలామ్, లుసాకా, మపూటోల్లో భారత హైకమిషన్, హరారేలో రాయబార కార్యాలయం ఉన్నాయి. వాటి అత్యవసర నంబర్లు కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో కాదు.

ఐదోది: పెట్టెలోంచి తీసేయాల్సినవి

టెక్సాస్‌లో జింకల వేటకు వేసుకునే ఆకుల చొక్కా, ప్యాంటు, టోపీ మొత్తం తీసేయండి. జింబాబ్వే, జాంబియా, ఉగాండాల్లో సైనిక తరహా కామఫ్లాజ్ దుస్తులు మామూలు జనం వేసుకోవడం నేరం. మీది దుకాణంలో కొన్న ఓక్ ఆకుల డిజైనని చెక్‌పోస్టులో వివరించే అవకాశం రాకపోవచ్చు. మట్టిరంగు, ముదురు ఆలివ్, ముడతలు పడ్డ పాత కాటన్ చాలు.

తర్వాత రంగులు. కండువా చూసి మనిషి ఏ పార్టీయో చెప్పేసే జాతి మనది, గులాబీ చొక్కా వేసుకుని ఏ ఊళ్లోకి, పసుపు చొక్కాతో ఏ ఊళ్లోకి వెళ్లాలో తెలుసు. అక్కడా అంతే. టాంజానియాలో పచ్చ, పసుపు కలిస్తే అధికార పార్టీ సీసీఎం. జాంబియాలో ఎరుపు యూపీఎన్‌డీది, పచ్చ పీఎఫ్‌ది. ఉగాండాలో ఎర్ర బెరే టోపీని 2019లో సైనిక దుస్తుల జాబితాలోనే చేర్చారు, ఎందుకంటే ప్రతిపక్ష నేత బాబీ వైన్ మనుషులు అదే పెట్టుకునేవాళ్లు. ఏ పార్టీదీ కాని బూడిదరంగు టీషర్టులు నాలుగు పెట్టుకోండి.

డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. వాకీటాకీలు కూడా.

ఆరోది: చెక్‌పోస్టు దగ్గర

పగలే ప్రయాణం చేయండి. సాయంత్రం నాలుగింటికల్లా చేరలేని దూరమైతే మర్నాడు పొద్దున బయల్దేరండి. రెండు మూడు ల్యాండ్ క్రూయిజర్లు వరసగా పోతే నాయకుడి కాన్వాయ్ అనుకుంటారు, వీలైతే ఒకే బండి.

బండి ఆపగానే ఇంజిన్ ఆపేయాలి, అద్దాలు దించాలి, చలువ కళ్లద్దాలు తీయాలి, చేతులు కనబడేలా ఉంచాలి. మాట్లాడేది మీ పీహెచ్, అంటే మీ వేటను దగ్గరుండి నడిపించే ప్రొఫెషనల్ హంటర్. మీరు కాదు. కాగితాలూ ఆయన దగ్గరే ఉండాలి. రైఫిల్ ఖాళీగా, బోల్టు తీసి, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. తూటాలు వేరే పెట్టెలో. వేట బ్లాకులో మీతో ఉండే ప్రభుత్వ స్కౌట్ యూనిఫాంలో బండిలో ఉంటే సగం ప్రశ్నలు తగ్గుతాయి, వీలైతే ఆయన్ని రోడ్డు ప్రయాణంలో కూడా ఎక్కించుకోమని అవుట్‌ఫిట్టర్‌ని అడగండి.

మీరు మాట్లాడాల్సింది పలకరింపు ఒక్కటే, అది వాళ్ల భాషలో. టాంజానియాలో ‘హబారీ’, వయసులో పెద్దవాళ్లయితే ‘షికమో’. జాంబియా తూర్పున ‘ములి బ్వాంజీ’. మొజాంబిక్‌లో ‘బోం దియా’. పేరు పెట్టి పిలిచే అమెరికన్ చనువు కన్నా, మన పల్లెల్లో పెద్దాయన కనబడితే నమస్కారం పెట్టి రెండు క్షణాలు ఆగే పద్ధతి అక్కడ బాగా పనిచేస్తుంది. పనిలోకి నేరుగా దిగకండి.

ఫోన్ జేబులో. వీడియో వద్దు, సెల్ఫీ వద్దు. లంచం అడిగినట్టు అనిపించినా మీరు పర్సు తీయకండి, పీహెచ్‌కి వదిలేయండి. ఊరేగింపు కనిపిస్తే ‘ఒక్క నిమిషం చూసొద్దాం’ అనే కుతూహలం మన రక్తంలోనే ఉంది, దాన్ని చంపుకోండి. టాంజానియాలో 2025లో ఇంటర్నెట్ తిరిగొచ్చాక, గొడవల ఫొటోలూ వీడియోలూ పంచుకుంటే కేసు పెడతామని పోలీసులు జనం ఫోన్లకు మెసేజ్‌లు పంపారు. మీ ఫోన్‌లో అలాంటివి ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే చెరిపేయండి.

రాత్రి మంట చుట్టూ కూర్చున్నప్పుడు కూడా రాజకీయాలు తీయకండి. మీ ట్రాకర్లలో ఒకాయన తమ్ముడు ఒక పార్టీ, ఇంకొకాయన ఊరు ఇంకో పార్టీ అయ్యుంటుంది. మీరు వెళ్లిపోతారు, వాళ్లు అక్కడే ఉంటారు.

ఏడోది: ఇంటర్నెట్ పోయినప్పుడు ఇంట్లోవాళ్లు

క్యాంపులో మీకు ఏమీ కాకపోవచ్చు. మీకు తెలియకుండా అసలు నరకం మాత్రం ఇంటి దగ్గర నడుస్తుంది. టీవీలో మంటలు, వాట్సాప్‌లో ఒకే గీత. గుంటూరులో అమ్మకు బీపీ.

శాటిలైట్ మెసేజ్ పరికరం ఒకటి (ఇన్‌రీచ్ లాంటిది) తీసుకుని, ఆ దేశంలో దానికి అనుమతి ఉందో లేదో ముందే చూసుకోండి. రోజూ ఒకే సమయానికి, ఒకే మనిషికి మెసేజ్. ఆ మనిషి కుటుంబంలో అందరికన్నా తక్కువ కంగారుపడే మనిషి అయ్యుండాలి. సాధారణంగా అది మీ భార్యో భర్తో కాదు, బావమరిదో వదినో అవుతారు. నలభై ఎనిమిది గంటలు మెసేజ్ రాకపోతే మొదట అవుట్‌ఫిట్టర్‌కి, తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లకి, ఆ తర్వాతే ఎంబసీకి, ఈ వరసలో ఫోన్ చేయాలని కాగితం మీద రాసి ఇవ్వండి. పాస్‌పోర్టు, పాలసీ, క్యాంపు ఉన్న చోటు నక్షా కాపీలు ఆయన దగ్గర ఉండాలి. కుటుంబ గ్రూపులో పెట్టకండి, అక్కడ పెడితే సాయంత్రానికల్లా మిమ్మల్ని కిడ్నాప్ చేశారన్న వార్త కూడా వచ్చేస్తుంది.

ఎనిమిదోది: గొడవ మొదలైంది, మీరు క్యాంపులో ఉన్నారు

కదలకండి. చాలా సందర్భాల్లో ఇదే సరైన పని, చేయడం మాత్రం కష్టం. అడవిలో క్యాంపు, నీళ్లు, జనరేటర్, మాంసం, వంటమనిషి అన్నీ ఉన్నాయి. పట్నం విమానాశ్రయంలో రద్దైన విమానం కోసం నేల మీద పడుకోవడం కన్నా ఇక్కడ నాలుగు రోజులు ఎక్కువ ఉండటం మేలు. షుగర్, బీపీ మాత్రలు అవసరానికి మించే తెచ్చుకోమనేది అందుకే. టూరు పది రోజులైతే మందులు ఇరవై రోజులకు.

వేట ఆపాలా అన్నది పీహెచ్ నిర్ణయం. ఊరి పొలిమేర దగ్గర తుపాకీ శబ్దం వినిపించకూడని రోజులు కొన్ని ఉంటాయి, వాదించకండి. సెలవు అయిపోతోంది, సోమవారం ఆఫీసుంది, ఇది ఎవరికీ పనికిరాని కారణం. వెళ్లే ముందే మేనేజర్‌కి వారం ఆలస్యం కావచ్చని చెప్పి ఉంచండి.

బయల్దేరాల్సి వస్తే నేల మీద కాకుండా గాల్లో, పొద్దున్నే, రాజధాని కాని ఊరికి. సొంత తుపాకీ ఉండి, అనుకోని దారిన పోవాల్సి వస్తే, పీహెచ్ సాయంతో దాన్ని స్థానిక పోలీసుల దగ్గర రాతపూర్వకంగా అప్పగించి, రసీదు తీసుకుని, మీరు మాత్రం వెళ్లిపోండి. రెండు వేల డాలర్ల రైఫిల్ కోసం విమానం వదులుకోకండి. ట్రోఫీల గురించైతే అడగనే వద్దు. ఆఫీసులు మూతపడితే సైటీస్ పర్మిట్లు (జంతువుల భాగాలను దేశం దాటించడానికి కావాల్సిన అనుమతులు) నెలలు ఆలస్యమవుతాయి, కొమ్ములు ఉప్పు పట్టించిన తోళ్లతో పాటు షెడ్డులో ఉంటాయి, ఎక్కడికీ పోవు.

తిరుగు దారిలో ఊరికి వెళ్దామనుకుంటే

చాలామంది ఆఫ్రికా నుంచి నేరుగా హైదరాబాద్ వచ్చి, అమ్మానాన్నలను చూసి అమెరికా పోదామనుకుంటారు. అలా అయితే మూడు చూసుకోండి. భారత్‌లో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ తేకూడదు, ఇన్‌రీచ్ లాంటి పరికరాలతో దొరికి విమానాశ్రయాల్లో ఇబ్బందిపడ్డ విదేశీయులున్నారు. దాన్ని అవుట్‌ఫిట్టర్ చేత అమెరికాకు పార్సిల్ చేయించండి. కొమ్ము, తోలు, పన్ను, వార్ట్‌హాగ్ (ఆఫ్రికా అడవి పంది) కోరతో చేసిన సీసా మూత తెరిచేది కూడా బ్యాగులో వద్దు. వన్యప్రాణుల భాగాలు తేవడం నిషిద్ధం, కుడు కొమ్ములు డాలస్ ఇంట్లో గోడకే, అమలాపురంలో కాదు.

మూడోది తూటా. వేటలో వేసుకున్న జాకెట్ జేబులు, బెల్టు పౌచి, బ్యాగు అడుగు మూలలు, సాక్సుల చుట్ట లోపల, అన్నీ చేత్తో తడిమి చూడండి. ఒక్క .375 తూటా మిగిలినా శంషాబాద్ ఎక్స్‌రేలో కనిపిస్తుంది, ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది, అప్పుడు మీరు ఏ దేశంలో ఎన్నికల నుంచి బయటపడి వచ్చారో ఎవరూ అడగరు. నా మాట విని వేట బ్యాగునంతా అమెరికా పంపేసి, హైదరాబాద్‌కు కొత్త బ్యాగుతో రండి.